కాటా చూసుకునే రైతు కాగితం చూసుకోడా?

మండపేట : సార్వా మాసూళ్లు ముగిసి ధాన్యం సొమ్ము చేతికందే రోజులలో డెల్టా గ్రామాలలో పూర్వం వినిపించే మాటలు రెండే. ఒకటి అప్పుల వాయిదా, రెండవది ఆడపిల్ల పెళ్లి. ఇటీవలి సంవత్సరాలలో మూడవ మాట ఒకటి వచ్చి చేరింది. అదే ‘ఎఫ్ అండ్ ఓ’. ఆలమూరు రోడ్డు టీ దుకాణాల వద్దనైనా, ద్వారపూడి బట్టల దుకాణాల ముందైనా నలుగురు యువకులు చేతిఫోను చుట్టూ మూగి ఉంటే అది సినిమా కోసమో, క్రికెట్టు కోసమో అనుకునే కాలం పోయింది. అందులో కదిలే ఎర్ర గీతలు, ఆకుపచ్చ గీతలు బొంబాయి షేర్ మార్కెట్టువి. ఆ గీతల వెనుక ఉన్నది అనేక సందర్భాలలో తండ్రి పండించిన ధాన్యం డబ్బు.

ఈ వ్యాపారంలోకి కొత్తగా దిగేవారు అడిగే ప్రశ్న ఒకటే. ఏ కంపెనీలో ఖాతా తెరిస్తే మంచిది? ప్రశ్న తప్పు కాదు. బ్రోకరు సంస్థను ఎంచుకోవడంలో పొరపాటు చేసి ఉన్నదంతా పోగొట్టుకున్నవారు రాష్ట్రంలో తక్కువ మంది కాదు. కాని అది రెండవ ప్రశ్న. అసలు ఈ వ్యాపారం మనిషికి తగినదా, కాదా అన్నది మొదటిది. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పుకోకుండా రెండవదానికి వెళ్లడం వల్లనే కుటుంబాలు నష్టపోతున్నాయి.

వాయిదా బేరం కొత్తది కాదు

ఫ్యూచర్స్ అనే మాట కొత్తదే గాని ఆ పని ఈ ప్రాంతానికి తెలియనిది కాదు. కొబ్బరి తోట కాపు మీద వర్తకుడు ముందుగా ధర మాట్లాడి బయానా ఇవ్వడం కోనసీమలో తాతల నాటి నుంచి ఉన్నదే. దింపు నాటికి ధర పెరిగితే వర్తకునికి లాభం, తగ్గితే రైతుకు మేలు. ఫ్యూచర్స్ కూడా అటువంటి బేరమే. తేడా ఏమిటంటే ఇక్కడ కాయ లేదు, తోట లేదు, అవతలి మనిషి ముఖం కనబడదు. బేరం ఎక్స్ఛేంజీ ద్వారా జరుగుతుంది. ధరలో వచ్చిన తేడాను గడువు దాకా ఆగకుండా ఏ రోజుకారోజు ఖాతాలోంచి తీసుకుంటారు, లేదా వేస్తారు.

మరొక పెద్ద తేడా బయానాలో ఉంది. దీన్ని మార్జిన్ అంటారు. 2024 నవంబరు 20 నుంచి సూచీల మీద కొత్తగా వచ్చే ఒక్కొక్క కాంట్రాక్టు విలువ కనీసం 15 లక్షల రూపాయలు ఉండాలని సెబీ నిర్ణయించింది. ఉదాహరణకు దీనికి రెండు లక్షలు మార్జిన్ కట్టారనుకుందాం. చేతిలోంచి పోయింది రెండు లక్షలే అయినా లాభనష్టాలు లెక్కకట్టేది పదిహేను లక్షల మీద. సూచీ రెండు శాతం అటూ ఇటూ అయితే 30 వేల రూపాయల తేడా. 2025-26 సంవత్సరానికి సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే 75 కిలోల బస్తాకు సుమారు 1,777 రూపాయలు. ఆ లెక్కన 30 వేలు అంటే దాదాపు పదిహేడు బస్తాల ధాన్యం. నారుమడి నుంచి కుప్పనూర్పు దాకా నాలుగు నెలలు పట్టిన పంటలో పదిహేడు బస్తాలు ఒక్క పూటలో పోతాయన్నమాట.

రెండు శాతం అనేది పెద్ద పతనమేమీ కాదు. 2024 జూన్ 4న, లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వెలువడిన రోజున, నిఫ్టీ సూచీ దాదాపు ఆరు శాతం పడిపోయింది. పదిహేను లక్షల కాంట్రాక్టు మీద అది 90 వేల నష్టం. బస్తాలలో చెప్పాలంటే యాభై. మార్జిన్ సొమ్ము చాలకపోతే బ్రోకరు మరింత కట్టమంటాడు. కట్టకపోతే అతనే బేరాన్ని ముగించి నష్టాన్ని ఖాతాలో రాస్తాడు. కట్టిన డబ్బు దాటి పైబాకీ పడే ప్రమాదం కూడా ఉన్నది. ఆ బాకీకి పూచీ ఖాతాదారుడే.

ఇందులో గమనించవలసిన మరొక విషయం ఉంది. వాయిదా వ్యాపారం పుట్టింది పంట ధర పడిపోతుందేమోనని భయపడే రైతుకు ధీమా ఇవ్వడానికి. నిజామాబాద్ పసుపు వంటి కొన్ని పంటలకు ఎన్.సి.డి.ఇ.ఎక్స్. ఎక్స్ఛేంజీలో అటువంటి వ్యాపారం జరుగుతూ వచ్చింది. డెల్టా రైతు పండించేది ధాన్యం. బాస్మతి కాని ధాన్యంతో పాటు గోధుమ, శనగ, పెసలు, ఆవాలు, సోయా, ముడి పామాయిలు వాయిదా వ్యాపారాన్ని సెబీ 2021 డిసెంబరులో నిలిపివేసింది. ఆ గడువును ఆ తర్వాత పలుమార్లు పొడిగించింది. అందుచేత మండపేట రైతు కుమారుడు ఫోనులో ఆడేది తన పంట ధరకు రక్షణ కోసం కాదు. అది నిఫ్టీ, బ్యాంక్ నిఫ్టీ, లేదా బంగారం, ముడి చమురు. ఎప్పుడూ చూడని సరుకు మీద, ఎవరో తెలియని మనిషితో బేరం.

లెక్కలు ఏమి చెబుతున్నాయి?

అవతలి మనిషి ఎవరన్నది సెబీ లెక్కలలోనే ఉంది. 2024 సెప్టెంబరులో సెబీ ప్రకటించిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు మూడు సంవత్సరాలలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారం చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయారు. వీరి సంఖ్య కోటికి పైమాటే. వీరంతా కలిసి పోగొట్టుకున్నది 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైగా. సగటున ఒక్కొక్కరికి సుమారు రెండు లక్షలు. 2024-25 సంవత్సరానికి 2025 జులైలో మరో నివేదిక వచ్చింది. ఆ ఏడాది కూడా నూటికి 91 మంది నష్టపోయారు. నష్టం లక్ష కోట్లు దాటింది.

పోయిన డబ్బు గాలిలో కలిసిపోలేదు. 2023-24లో సొంత సొమ్ముతో వ్యాపారం చేసే పెద్ద సంస్థలు సుమారు 33 వేల కోట్లు, విదేశీ మదుపు సంస్థలు సుమారు 28 వేల కోట్లు లాభం తీసినట్లు అదే అధ్యయనం తెలిపింది. ఆ లాభాలలో అధిక భాగం కంప్యూటర్లు తమంతట తామే కొని అమ్మే పద్ధతి ద్వారా వచ్చినదే. రెప్పపాటులో వందల బేరాలు చేసే యంత్రం ఒక వైపు, పశువులకు మేత వేసి వచ్చి ఫోను చూసుకునే యువకుడు మరొక వైపు. సంక్రాంతికి బరిలో దిగే కోళ్లకైనా బరువు చూసి జోడీ కడతారు. ఇక్కడ ఆ జోడీ చూసేవారు లేరు.

ఇది పట్నవాసపు జబ్బు మాత్రమే అనుకోవడానికీ వీలు లేదు. ఈ వ్యాపారం చేసే వ్యక్తులలో నూటికి 72 మంది పెద్ద నగరాలుగా లెక్కించే ముప్ఫై పట్టణాలకు వెలుపలివారు. నూటికి 75 మంది సంవత్సరాదాయం ఐదు లక్షల లోపని ప్రకటించుకున్నవారు. ముప్ఫై ఏళ్ల లోపువారు 2022-23లో నూటికి 31 మంది ఉండగా 2023-24కు 43 మంది అయ్యారు.

యువకులు దీనికి చెప్పే సమాధానం కూడా వినదగినదే. చదివిన చదువుకు ఉద్యోగం లేదు. మక్తా కట్టి కౌలుసేద్యం చేస్తే కూలి డబ్బు కూడా మిగలడం లేదు. ధనవంతుడు షేర్లలో పెడితే మదుపు, పేదవాడు పెడితే జూదమా అని వారు అడుగుతున్నారు. ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అయితే షేరు కొని దాచుకోవడం వేరు, వాయిదా వ్యాపారం వేరు. మొదటిది చేను కొని ఆగడం వంటిది. రెండవది రేపటి గాలి ఎటు వీస్తుందో పందెం కాయడం వంటిది. ఉద్యోగం లేనివాడికి నెలసరి ఆదాయం అవసరం. నూటికి తొంభై మందికి పైగా నష్టపోతున్న చోట నెలసరి ఆదాయం వెతకడం ఎండిన కాలువకు మోటారు బిగించడమే అవుతుంది.

ఇంత తెలిసీ దిగదలచినవారు కొందరు ఉంటారు. పోయినా ఇల్లు గడిచేటంత సొమ్ము మాత్రమే పెట్టేవారు, లెక్క రాసుకునేవారు, అప్పు చేయనివారు వారిలో ఉండవచ్చు. బ్రోకరు సంస్థ ఎంపిక వారికి సంబంధించిన విషయం. అక్కడ చూడవలసినవి ఏవి?

పెద్ద పేరు పూచీ కాదు

ఎక్కువమంది చూసేది పేరు. పెద్ద కంపెనీ, పట్టణంలో ఆఫీసు, తెలిసినవారి ఖాతా ఉంటే చాలనుకుంటారు. ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో తెలుగువారికి కార్వీ స్టాక్ బ్రోకింగ్ ఉదంతం చెప్పింది. 1980లలో హైదరాబాదులో మొదలైన కార్వీ వ్యాపారం దేశమంతటా విస్తరించింది. తెలుగు పట్టణాలలో ఆ పేరు తెలియని మదుపరి లేడు. 2019 నవంబరు 22న సెబీ ఆ సంస్థపై ఉత్తర్వు జారీ చేసి కొత్త ఖాతాదారులను చేర్చుకోరాదని ఆదేశించింది.

జరిగింది ఏమిటంటే, ఖాతాదారులు తమ షేర్లు అమ్మినప్పుడు సంస్థ వాటిని బట్వాడా చేయడానికి వీలుగా ‘పవర్ ఆఫ్ అటార్నీ’ కాగితం మీద సంతకాలు చేసి ఇచ్చారు. ఆ అధికారాన్ని సంస్థ దుర్వినియోగం చేసింది. ఖాతాదారుల షేర్లను సొంత ఖాతాకు మళ్లించి, వాటిని బ్యాంకులలో తాకట్టు పెట్టి అప్పులు తెచ్చింది. 2016 ఏప్రిల్ నుంచి 2019 అక్టోబరు వరకు 1,096 కోట్ల రూపాయలు తన అనుబంధ స్థిరాస్తి కంపెనీకి చేరినట్లు సెబీ తన ఉత్తర్వులో పేర్కొన్నది. తాకట్టుకు వెళ్లిన షేర్లు 95 వేల మందికి పైగా ఖాతాదారులవి. వాటి విలువ 2,300 కోట్లు.

2019 డిసెంబరులో సుమారు 83 వేల మంది షేర్లు వారి ఖాతాలకు తిరిగి వచ్చాయి. మిగిలినవారు చాలా కాలం తిరగవలసి వచ్చింది. 2020 నవంబరులో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ ఆ సంస్థను డిఫాల్టరుగా ప్రకటించి సభ్యత్వం నుంచి బహిష్కరించింది. 2023 ఏప్రిల్‌లో సెబీ సంస్థనూ, దాని అధినేతనూ ఏడు సంవత్సరాల పాటు మార్కెట్టు నుంచి నిషేధించింది. మే నెలలో రిజిస్ట్రేషన్ కూడా రద్దయింది. ఇక్కడ ఖాతాదారులు చేసిన తప్పు ఏమిటి? పేరును నమ్మి, చదవని కాగితం మీద సంతకం చేయడమే.

ఈ దెబ్బ తర్వాత నిబంధనలు గట్టిపడ్డాయన్నది నిజం. 2020 సెప్టెంబరు నుంచి షేర్లను మార్జినుకు పూచీగా పెట్టినా అవి ఖాతాదారుని డీమ్యాట్ ఖాతాలోనే ఉంటాయి. తాకట్టుకు ఒప్పుకుంటున్నట్లు అతని ఫోనుకు వచ్చే ఓటీపీ ద్వారా అతనే చెప్పాలి. పాత పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో 2022 నవంబరు నుంచి ‘డి.డి.పి.ఐ.’ అనే పరిమితమైన అధికార పత్రం వచ్చింది. అది ఇవ్వడం, ఇవ్వకపోవడం ఖాతాదారుని ఇష్టం. అది లేకపోతే ఖాతా తెరవమని చెప్పే అధికారం బ్రోకరుకు లేదు. ప్రభుత్వం తాళం మంచిదే వేసింది. తాళంచెవిని ఎదుటివాని చేతిలో పెడితే మాత్రం ఏ తాళమైనా నిరుపయోగమే.

తాళంచెవి ఎవరి చేతిలో?

గ్రామాలలో జరుగుతున్న పొరపాటు సరిగ్గా ఇక్కడే ఉంది. ఖాతా తెరిపించే ఏజెంటు తెలిసినవాడే అయి ఉంటాడు. బావ వరుసో, బాబాయి వరుసో అవుతాడు. రైతుకు ఈమెయిలు లేదంటే తనది రాస్తాడు. ఫోను నంబరు కూడా తనదే ఇస్తాడు. ‘నీకెందుకు శ్రమ బాబాయ్, నేను చూసుకుంటాను’ అంటాడు. నాటి నుంచి ఎక్స్ఛేంజీ పంపే సందేశాలు, రోజువారీ లెక్క కాగితాలు, ఓటీపీలు అన్నీ ఏజెంటుకే వెళతాయి. ఖాతా పేరు రైతుది, ఆట ఏజెంటుది, నష్టం మళ్లీ రైతుది.

బేరం ఎక్కువ సార్లు జరిగితే ఏజెంటుకు కమీషను ఎక్కువ వస్తుందన్న సంగతి మరచిపోకూడదు. ధాన్యం దళారికి బస్తాకు ఇంత అని ముట్టినట్లే వీరికి బేరానికి ఇంత అని ముడుతుంది. రైతు గెలిచినా ముడుతుంది, ఓడినా ముడుతుంది. పైన చెప్పిన మూడు సంవత్సరాలలో వ్యక్తులు వ్యాపారపు ఖర్చుల కింద కట్టినది సుమారు 50 వేల కోట్ల రూపాయలు. అందులో సగానికి పైగా బ్రోకరేజీ. ఆర్డరుకు 20 రూపాయలే అని చెప్పే సంస్థలు ఉన్నాయి. వినడానికి చవకే. కాని రోజుకు ఇరవై ఆర్డర్లు వేస్తే 400, నెలలో ఇరవై రోజులు వేస్తే 8,000 రూపాయలు. పన్నులు, ఇతర రుసుములు దీనికి అదనం. నెలకు నాలుగున్నర బస్తాల ధాన్యం కమీషనుకే పోతుందన్నమాట. శాతం లెక్కన తీసుకునే సంస్థలలో ఇంతకంటె ఎక్కువే కావచ్చు. కనుక చవక ధర ఒక్కటే చూసి సంస్థను ఎంచుకోవడం కూడా తెలివి కాదు. చవక అనే మాట మనిషిని ఎక్కువసార్లు బేరం ఆడిస్తుంది.

అడగవలసిన ప్రశ్నలు

బ్రోకరు సంస్థ వద్ద మొట్టమొదట అడగవలసినది సెబీ రిజిస్ట్రేషన్ నంబరు. అది ‘ఐ.ఎన్.జెడ్.’ అనే అక్షరాలతో మొదలవుతుంది. ఆ నంబరు నిజమైనదో కాదో సెబీ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. పట్టణంలో బోర్డు కట్టిన వ్యక్తి అసలు బ్రోకరు కాడు. అతడు బ్రోకరు తరఫున పనిచేసే ‘ఆథరైజ్డ్ పర్సన్’ మాత్రమే. అతని పేరు కూడా ఎక్స్ఛేంజీ జాబితాలో ఉండాలి. లేకపోతే అక్కడి నుంచి లేచి రావడమే మంచిది. సలహాలు అమ్మేవారికి వేరే రిజిస్ట్రేషన్ కావాలి. వాట్సాప్‌లో, టెలిగ్రాంలో ‘టిప్పులు’ పంపే ప్రతివాడూ సలహాదారు కాడు.

రెండవది, డబ్బు ఎవరి ఖాతాకు వెళుతుంది? ఖాతాదారుని సొంత బ్యాంకు ఖాతా నుంచి బ్రోకరు సంస్థ పేరున ఉన్న ఖాతాదారుల సొమ్ము ఖాతాకు మాత్రమే వెళ్లాలి. నగదు చేతికి ఇవ్వడం నిషిద్ధం. ఏజెంటు సొంత ఖాతాకు గాని, అతని భార్య ఖాతాకు గాని, ఫోనులో వచ్చిన ఎవరి పేరో ఉన్న ఖాతాకు గాని పంపరాదు. 2025 అక్టోబరు 1 నుంచి బ్రోకర్లకు ప్రత్యేకమైన యు.పి.ఐ. చిరునామాలు ఏర్పాటయ్యాయి. వాటిలో ‘బి.ఆర్.కె.’ అనే అక్షరాలు, తర్వాత ‘వాలిడ్’ అనే మాట, బ్యాంకు పేరు ఉంటాయి. డబ్బు పంపేముందు వాటిని సరిచూసుకోవాలి.

మూడవది, ఫోను నంబరు, ఈమెయిలు ఖాతాదారునివే అయి ఉండాలి. ఈమెయిలు లేకపోతే ఇంటర్మీడియట్ చదివే కొడుకో, కూతురో పది నిమిషాలలో తెరిచి ఇస్తారు. పాస్‌వర్డు, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. చేసిన ప్రతి బేరానికీ 24 గంటలలోగా ‘కాంట్రాక్టు నోటు’ అందాలి. మిల్లు వద్ద కాటా చీటీ ఎటువంటిదో ఇది అటువంటిది. అందులో లేని బేరం తాను చేయలేదని చెప్పడానికి, ఉన్న బేరం తనకు తెలియదని ఫిర్యాదు చేయడానికి అదే ఆధారం.

నాలుగవది, వాడని సొమ్ము ఎప్పుడు వెనక్కి వస్తుంది? నెలకొకసారా, మూడు నెలలకొకసారా అన్నది ఖాతాదారుడు కోరుకోవచ్చు. నెల అని రాయించుకోవడం మేలు. తిరిగి అడిగినప్పుడు నసిగే సంస్థ వద్ద డబ్బు ఉంచరాదు. ఐదవది, మార్కెట్టు వేడి మీద ఉన్న సమయంలో ఆప్ పనిచేయకపోతే ఫోనులో ఆర్డరు తీసుకునే ఏర్పాటు ఉందా? తెలుగులో మాట్లాడే మనిషి దొరుకుతాడా? ఈ రెండూ ఖాతా తెరవడానికి ముందే ఒకసారి ఫోను చేసి పరీక్షించుకోవచ్చు. ఆరవది, ఆ సంస్థ మీద ఎన్ని ఫిర్యాదులు ఉన్నాయో ఎక్స్ఛేంజీలు ప్రకటిస్తాయి. సంఖ్య ఒక్కటే కాక, ఎంతమంది ఖాతాదారులకు ఎన్ని ఫిర్యాదులు అన్నది చూడాలి.

వీటన్నిటికీ మించి ఒక గుర్తు ఉంది. నెలకు ఇంత శాతం ఖాయం అని చెప్పేవాడు ఎవరైనా సరే మోసగాడే. ఏ బ్రోకరుకూ లాభానికి హామీ ఇచ్చే అధికారం చట్టంలో లేదు. బయట ఎక్స్ఛేంజీకి పంపకుండా చిట్టా పుస్తకంలో రాసుకుని ఆడించే ‘డబ్బా’ వ్యాపారం కూడా నేరమే. దీనికి పదేళ్ల జైలు, 25 కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించడానికి చట్టం ఉంది. అక్కడ మోసపోయినవానికి ఎక్స్ఛేంజీ రక్షణ నిధి నుంచి పైసా రాదు. పన్ను లేదు, కమీషను లేదు అని చెప్పి పిలిచే చోట మొత్తం సొమ్ముకే దిక్కు ఉండదు.

నష్టం జరిగాక ఎవరిని అడగాలి?

బేరంలో వచ్చిన నష్టానికి ఎవరూ జవాబుదారీ కారు. అనుమతి లేకుండా బేరం చేసినా, సొమ్ము తిరిగి ఇవ్వకపోయినా మాత్రం ఊరుకోవలసిన పని లేదు. ముందు సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఫలితం లేకపోతే సెబీవారి ‘స్కోర్స్’లో చేయవచ్చు. 2024 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన కొత్త ఏర్పాటు ప్రకారం సంస్థ 21 రోజులలో సమాధానం ఇవ్వాలి. సెబీ ఉచిత ఫోను నంబరు 1800 266 7575. నకిలీ ఆప్‌లో సొమ్ము పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోను చేయాలి. తొలి గంటలలో చెబితే ఆ డబ్బు బ్యాంకు దాటిపోకముందే ఆపడానికి అవకాశం ఉంటుంది. పరువు పోతుందని నెల రోజులు దాచిపెట్టి, ఆ తర్వాత పోలీసు స్టేషను మెట్లు ఎక్కితే చేయగలిగింది తక్కువ.

పరువు మాట ఎత్తినందున మరొకటి చెప్పవలసి ఉంది. నష్టపోయినవారు ఇంట్లో చెప్పడం లేదు. పోయినది రాబట్టాలని వడ్డీకి తెచ్చి మళ్లీ పెడుతున్నారు. వరుసగా నష్టపోయినవారిలో కూడా నూటికి 75 మందికి పైగా ఆ వ్యాపారం మానలేదని సెబీ అధ్యయనమే చెప్పింది. పొలం పాసు పుస్తకం బ్యాంకుకు వెళ్లిన తర్వాత తెలిసే కంటె మొదటి పదివేలు పోయిన నాడే ఇంట్లో తెలియడం నయం. పెద్దలు కూడా తిట్టిపోయడానికి కాక లెక్క చూడడానికి కూర్చుంటేనే పిల్లలు నోరు విప్పుతారు.

అధికారుల బాధ్యత

తప్పంతా యువకులదే అనడం న్యాయం కాదు. ఖాతా తెరిచే కాగితాలు పదుల పేజీలు. అవి ఇంగ్లీషులోనే చేతికి వస్తున్నాయి. చదివేలోగా ‘ఇక్కడ నొక్కండి’ అని ఏజెంటు వేలు చూపిస్తాడు. హక్కులు, బాధ్యతలు, నష్టభయం తెలిపే పత్రాలను తెలుగులో ముందుగా చేతికిచ్చి, చదివారని తేల్చుకున్న తర్వాతనే ఖాతా తెరవాలన్న నియమం కచ్చితంగా అమలు కావాలి.

ధాన్యం సొమ్ము జమ అయ్యేది బ్యాంకులలోనే. ఎరువుల కోసం రైతులు వెళ్లేది సహకార సంఘాలకే. ఆ రెండు చోట్లా గోడ మీద తెలుగులో ఒక బోర్డు పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. నూటికి తొంభై మందికి పైగా నష్టపోయారన్న ముక్క, రిజిస్ట్రేషన్ నంబరు చూసుకునే పద్ధతి, 1930 నంబరు, సెబీ నంబరు అందులో ఉంటే చాలు. జూనియర్ కళాశాలల్లో సంవత్సరానికి ఒక పూట ఈ విషయం మీద చెప్పించవచ్చు. గ్రామ సభలలో ఎరువులు, రుణాల గురించి మాట్లాడే అధికారులు మరో పది నిమిషాలు దీనికి కేటాయించవచ్చు. పట్టణంలో బోర్డులు కట్టినవారిలో ఎక్స్ఛేంజీ జాబితాలో ఉన్నవారెవరో, లేనివారెవరో పోలీసులు అప్పుడప్పుడు తనిఖీ చేస్తే సగం మోసాలు ఆదిలోనే ఆగుతాయి.

మండపేట పరిసరాల రైతు అమాయకుడు కాడు. తూకం దగ్గర నిలబడి ముల్లు స్థిరపడేదాకా కళ్లు తిప్పడు. తేమ శాతం పేరుతో కిలో కోసినా నిలదీస్తాడు. చీటీ పాటలో కూడా పూచీదారు లేనిదే సొమ్ము వదలడు. అదే రైతు కుటుంబంలోని సొమ్ము చదవని కాగితం మీద, చూడని మనిషి చేతికి వెళుతున్నది. దిగేముందు ఒకసారి ఆగి, నష్టం వస్తే కట్టగలమా అని ఇంటిల్లిపాదీ లెక్క చూసుకోవడం అవసరం. కట్టలేమని తేలితే ఏ కంపెనీ మంచిదన్న ప్రశ్నే ఉండదు. దాళ్వా పెట్టుబడికి సొమ్ము అవసరమయ్యే ఈ రోజులలోనైనా బ్యాంకులు, సహకార సంఘాలు, విద్యాసంస్థలు, పోలీసు అధికారులు కలసికట్టుగా ఈ విషయమై శ్రద్ధ వహించవలసిన అవసరం ఎంతైనా ఉంది.